రౌతునకా, గుఱ్ఱమునకా?

మార్గశిరమాసము వచ్చినదనగా భైంసా పట్టణమున ప్రత్తిబండ్లకు వీథులు చాలవు. జిన్నింగు మిల్లుల రొద ప్రొద్దుక్రుంకినను ఆగదు. గాలిలో తేలివచ్చిన దూదిపింజలు గడపలయందును, పెద్దమనుష్యుల మీసములయందును తారతమ్యము లేక చిక్కుకొనును. ఒకే అంగడిలో ఒకే బేరమునకు తెలుగును, మరాఠీయు, ఉర్దూయు అక్కఱకు వచ్చు ఈ సరిహద్దు ఊర, చిరకాలము బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులుగారొకరును, నాందేడు జిల్లాలోని మాళేగావు ఖండోబా జాతరకు ఏటేట పోయి గుఱ్ఱముల క్రయవిక్రయములలో తలపండిన పటేలుగారొకరును కలరు. ఏకాభిప్రాయము గల విషయమునైనను వాదింపక విడిచిపెట్టుట వారి స్నేహధర్మమునకు విరుద్ధము. అట్టివారికి నిజముగనే భిన్నాభిప్రాయము కలిగిన ఒకనాటి సంవాదమును, ప్రక్కన కూర్చుండి వినిన నేను, జ్ఞప్తికి అందినంత వఱకు ఇచట వ్రాయుచున్నాను.

పంతులుగారి చెల్లెలి కూతురు హైదరాబాదున ఉద్యోగము చేయుచు, తీఱిక వేళల స్వారి నేర్చి, మలకుపేట పందెముల నుండి తప్పించబడిన గుఱ్ఱమునొకదానిని కొని స్వారిబడిలో కట్టివేయించి పోషించుచున్నది. ఆమె పుట్టినరోజు సమీపించినది. మేనమామ కానుక పంపవలెను గదా! వెండిపిడి తాపించిన కొరడాను పంపుదునని పంతులుగారు అనినతోడనే పటేలుగారు పకపక నవ్విరి.

పంతులు: ఏల నవ్వెదరు పటేలా? రౌతు చేతికి వెండిపిడి కొరడా శోభ కాదా? కత్తిపిడులకు రత్నములు పొదిగించి వీరులకిచ్చిన రాజులెందఱు లేరు?

పటేలు: కత్తి శత్రువుపై పడును, పంతులుగారూ, కొరడా ఎవరి వీపున పడును? మీరు బిడ్డకు కానుక ఇచ్చుచున్నాననుకొనుచున్నారు. రౌతునకు ఏమి ఇచ్చినను దానిని పుచ్చుకొనువారు ఇరువురు; అందులో ఒకటి నోరులేని జీవము. మీ వెండి మెఱుపు బిడ్డ కంటికి, మీ తోలు చుఱుకు గుఱ్ఱపు ప్రక్కకు. ఇట్టి పంపకము మీకు న్యాయముగా తోచినచో పంపుడు.

పంతులు: సరే, కొరడా మాట విడిచితిని. రెండువేల మూడువందల యేండ్లకు పూర్వమే గ్రీకుదేశమున జెనొఫోను అనువాడు అశ్వశిక్షణముపై గ్రంథము వ్రాసి, కోపముతో గుఱ్ఱమును సమీపింపరాదని చెప్పెనని నేనును చదివియున్నాను. చదివినది సమయమునకు గుర్తురాదు. అట్లయినచో మంచి జీను కొనెదను. అందులో దోషమేమున్నది?

పటేలు: కొరడా కంటె జీను అపాయకరము. కొరడా రౌతు ఎత్తిననే కొట్టును. తగని జీను రౌతు కూర్చున్నంతసేపును కొట్టుచునే యుండును. మీ ఫోనులో ఆ గుఱ్ఱపు బొమ్మ ఉన్నదంటిరి, చూపుడు.

పంతులుగారు చూపిరి. చెవులు నిక్కించి నిలిచిన కుమ్మైతు రంగు గుఱ్ఱము, నుదుట చుక్క, వెనుక కాలొకటి తెలుపు. పటేలుగారు ఆ బొమ్మను రెండు వ్రేళ్లతో పెద్దది చేసి, మెడ వెండ్రుకలు ముగిసి వీపు మొదలగు ఎత్తైన మూపుకడ వ్రేలు నిలిపిరి. అచట రూపాయి బిళ్ళ పాటి తెల్లని వెండ్రుకల గుంపు కానవచ్చినది.

పటేలు: ఇది పుట్టుమచ్చ కాదు. ఎప్పుడో తగని జీను ఈ చోట ఒరసి, లోపలి చర్మమును నలిపినది. అట్లు నలిగిన చోట మొలచు వెండ్రుకలు మరల తమ రంగును పొందవు, తెల్లగనే వచ్చును. మాళేగావులో నేను బేరమునకు ముందు చూచునది ఇదియే. అమ్మువాడు గుఱ్ఱపు వయస్సును దాచవచ్చును, కుంటును ఒకపూట మందుతో అణచవచ్చును. రంగు పూసిననే గాని ఈ చుక్కను దాచలేడు. పెండ్లి ఊరేగింపులకు త్రిప్పు గుఱ్ఱములను చూడుడు. జరీగుడ్డ తీసినచో వానిలో ఎన్నింటికి మూపున ఇట్టి తెలుపు కనబడునో! పందెపు జాతి గుఱ్ఱమునకు మూపు ఎత్తు, ప్రక్కలు పలుచన. వెడల్పు వీపుగల గుఱ్ఱమునకు కుట్టిన జీను దీనిపై వేసినచో క్రిందికి దిగి మూపునకు తగులును. ఇఱుకైనది వేసినచో ఇరుప్రక్కల కండలను పట్టకారువలె పట్టును. సరియైనది వేసితిరనుకొనుడు, పందెములు మానిన గుఱ్ఱము ఏడాదిలో మేను మార్చుకొనును, నిరుటి జీను ఈ యేడు పట్టదు. ఆ గుఱ్ఱపు వీపు ఎన్నడును చూడని మీరు, భైంసా నుండి జీను కొని పంపుదురా?

పంతులు: కళ్లెము?

పటేలు: గుఱ్ఱపు దవడలో ముందరి పండ్లకును నమలు పండ్లకును నడుమ పండ్లు లేని చోటు కలదు, ఇనుపకడ్డీ ఆ లేత చిగురుపై నిలుచును. నోటి వెడల్పు తెలియకుండ కొన్నచో పొడుగైనది అటునిటు జాఱును, పొట్టిది పెదవి మూలలను చీల్చును. రికాబును అంతే. బూటునకు రెండు ప్రక్కల కలిపి అంగుళమంత చోటుండవలెను. ఇఱుకైనచో పడిననాడు కాలు చిక్కి గుఱ్ఱము ఈడ్చుకొనిపోవును, వదులైనచో పాదము ముందునకు దూరిపోవును.

పంతులు: రౌతు తలకు హెల్మెటు కొందును. అందు గుఱ్ఱమునకు ప్రమేయము లేదు గదా!

పటేలు: మేలైన ఆలోచన, కాని బిడ్డను అంగడికి కొనిపోయి ఆమె తలకు సరిచూచి కొనవలెను, మీ తలకు పెట్టి చూచి కాదు. ఒక్కమారు గట్టి దెబ్బ తగిలినదనగా పైకి పగులు కనబడకున్నను లోపలి మెత్త నలిగిపోవును. అది మరల కాపాడదు. అందుచేత వాడినది ఎంత చవుకగా వచ్చినను కొనరాదు.

పంతులు: పటేలా, మీ మాట వినినచో రౌతునకు కానుక ఇచ్చుట వైద్యుడు మందు వ్రాయుటవలె తోచుచున్నది. ప్రతిదానికిని కొలత, ప్రతిదానికిని నిషేధము! దానమిచ్చిన ఆవునకు పండ్లు లెక్కింపరాదని పెద్దలన్నారు. ఇచ్చువాని మనస్సును చూడవలెను గాని వస్తువును పరీక్షింపరాదు.

పటేలు: ఆవును గూర్చి అన్నవారు తెలివిగలవారు, ఆవునకు పైవరుసలో ముందరి పండ్లే లేవు, లెక్కించువానికి శ్రమ తక్కువ. గుఱ్ఱమునకు పండ్లే జన్మపత్రిక. అయిదేండ్లకు పాలపండ్లు రాలి ముందరి పండ్రెండును స్థిరపడును. ఆపై ఆరవ యేట మొదలుకొని ఎనిమిదవ యేటి వఱకు క్రిందివరుస పండ్లపైని నల్లని గుంటలు నడిమి నుండి ప్రక్కలకు క్రమముగా అరిగిపోవును. పండ్లు లెక్కింపక పుచ్చుకొన్న గుఱ్ఱము మూడు నెలలకు ముసలిదని తెలియును. అప్పటికి ఇచ్చినవాని మనస్సును దాణాగా పెట్టలేము. గుఱ్ఱము గుడ్డిదైనను దాణాకు తక్కువ కాదని కూడ పెద్దలే అన్నారు.

పంతులు: మీకు సామెతలు కూడ లాయములోనివే దొరకును. వినుడు: మన రాజులు గుఱ్ఱముల విషయమున కానుక మహిమను మీ కంటె బాగుగా ఎఱిగినవారు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసమున రాజనీతి చెప్పుచు, దూరదేశముల నుండి ఏనుగులను, మేలుజాతి గుఱ్ఱములను తెచ్చు వర్తకులకు ఊళ్లును, పురమున ఇండ్లును, కొలువున దర్శనమును, బహుమానములును, మంచి లాభమును కల్పించి, ఆ సరకు శత్రువుల పాలు కాకుండ చూచుకొనవలెనని చెప్పినాడు. అంతకు పూర్వుడైన సాళువ నరసింహుని సంగతి మఱియు వింత. విజయనగరమున నివసించిన పోర్చుగీసు వాడు నూనిజ్, తానే గుఱ్ఱపు వర్తకుడు, వ్రాసిపెట్టినాడు: ఆ రాజు ఓర్మజు నుండియు, ఏడెను నుండియు వచ్చు గుఱ్ఱములకు వర్తకులు చెప్పినంత వెల ఇచ్చుచు, వేయి పర్దావులకు మూడేసి చొప్పున బ్రతికినవానిని, చచ్చినవానిని గూడ కొనెడివాడట, సముద్రముపై చచ్చినదాని తోకను మాత్రము తెచ్చి చూపినను బ్రతికినదానికివలెనే సొమ్ము చెల్లించెడివాడట! ఔదార్యమన అట్లుండవలెను.

పటేలు: తోకకు సొమ్మా! ఆ కాలమున నేను లేకపోతిని. కాని పంతులుగారూ, ఆ బహుమానములన్నియు వర్తకులకే చేరినవి. గుఱ్ఱములకు ఏమి చేరినది?

పంతులుగారు కొంత తడవు మాటలాడలేదు. ఆయనయందలి సుగుణమొకటి ఇచట చెప్పవలెను: తన వాదమునకు ప్రతికూలమైన సాక్ష్యము తనకు తెలిసియున్నచో దాచుకొనుట ఆయనకు చేతగాదు; బడిపంతులు గనుక, తెలిసినది చెప్పకున్న ఆయనకు నిదుర పట్టదు.

పంతులు: చేరినది చెప్పెదను. పదుమూడవ శతాబ్ది చివర మార్కోపోలో పాండ్యదేశమును గూర్చి వ్రాసినాడు. ఏటేట వేలకొలది గుఱ్ఱములు పడమటి రేవుల నుండి అచటికి వచ్చెడివట. ఏడాది తిరుగకముందే పెక్కు చచ్చెడివట. వానిని సాకుట అచటివారికి తెలియదు. మాంసముతో ఉడికించిన అన్నము పెట్టెడివారట. గుఱ్ఱములను అమ్మిన వర్తకులు సాలోత్రులను తాము తేకపోవుటయే గాక, మఱియొకరు పోకుండ గూడ అడ్డుపడెడివారట. చచ్చిననే గదా మరల అమ్ముడుపోవుట!

పటేలు: (అరుగుపై చేయి చఱచి) ఇదిగో, నా మాట! గుఱ్ఱమును ఇచ్చి గుఱ్ఱపు విద్యను దాచినవాడు ఇచ్చినవాడు కాడు. బిడ్డకు మీరు కానుక ఇచ్చుట నిజమైనచో, ఒక మంచి సాలోత్రి వద్ద నాలుగు దినములు గిట్టల సంగతి నేర్చుకొనుటకు రుసుము కట్టుడు. మంచి గురువు వద్ద మఱికొన్ని పాఠములు చెప్పించుడు. ఆ కానుక గుఱ్ఱపు వీపునకును తెలియును, బిడ్డ నడుమునకును తెలియును.

పంతులు: తొందరపడకుడు. విద్యాదానము నాకు క్రొత్త కాదు. మన పెనుగంగకు ఆవలిదైన విదర్భకే బాహుకుడై నలుడు ఋతుపర్ణుని రథము తోలుకొనిపోయెను. దారిలో ఋతుపర్ణుడు అక్షహృదయము నొసగెను. ఆ ఋణమునకు నలుడు పిమ్మట అశ్వహృదయము నొసగెను. గుఱ్ఱపుస్వారి సంబంధమైన కానుకలలో అంతకంటె గొప్పది నాకు తోచదు. కాని గమనింపుడు పటేలా: నలుడు ఆ విద్యను ఇచ్చినది ఋతుపర్ణునకు, గుఱ్ఱములకు కాదు. ఒక మనుష్యుని మనస్సు మఱియొక మనుష్యుని మనస్సును తాకినది. మీరు ఇంతసేపు చెప్పినవన్నియు గుఱ్ఱమునకు కావలసినవి. నా మేనకోడలు జీతము రాగానే గడ్డికి, దాణాకు, లాడములకు, వైద్యమునకు, స్వారిబడి కట్టుబడికి ఇచ్చి, మిగిలినదానితో తాను బ్రతుకుచున్నది. ఆమె తల్లి పండుగకు చీర కొనుమని పైకము పంపిన, గుఱ్ఱమునకు కప్పడము కొన్నదట! పుట్టినరోజున గూడ మేనమామ గుఱ్ఱపు సామానే పంపినచో, ఆమె పుట్టినదా, గుఱ్ఱము పుట్టినదా? అవసరమైన వస్తువును ఆమె ఎట్లయినను కొనుక్కొనును. తనకై తాను ఎన్నడును కొనుక్కొననిదానిని ఇచ్చుటకే ఇతరులుండవలెను.

ఈ మాటకు పటేలుగారు వెంటనే ప్రత్యుత్తరము చెప్పలేదు. నాకు మాత్రము, ఆ సాయంకాలము ఇరువురును అనిన మాటలలో ఇదియే బరువైనదిగా తోచినది. గుఱ్ఱములను పెంచువారిని చూచినవారెవరికైనను ఇందలి సత్యము తెలియును.

పటేలు: మాట బాగున్నది. కాని ఆమెకై ఏమి పంపుదురు? మిఠాయి పంపినచో అదియు గుఱ్ఱమునకే పెట్టును.

పంతులు: పెట్టనిండు! అదియు ఒక ఆనందమే.

పటేలు: పెట్టరాదు! గుఱ్ఱమునకు వాంతి చేసికొను శక్తి లేదు. తినరానిది కడుపులో పడినచో వెనుకకు వచ్చు త్రోవ లేక శూలతో పొరలును. ఒక్క రాత్రిలో ప్రాణము పోవచ్చును. కారట్ల బుట్ట పంపుడు, అందు నష్టము లేదు. కాని బిళ్ళలుగా తఱుగక నిలువుగా చీల్చి పెట్టుమనుడు. గుండ్రని బిళ్ళ గొంతున అడ్డుపడును. పెట్టునప్పుడు చేయి ఎట్లుండవలెనో చూచితిరా?

పటేలుగారు తమ కుడిచేతిని ముందునకు చాచి, అరచేతిని పళ్ళెమువలె చదును చేసి, బొటనవ్రేలిని ప్రక్కకు ఒత్తిపట్టి చూపిరి. ముక్కు క్రిందిది గుఱ్ఱమునకు కనబడదట. పైపెదవి మీసములతో తడవి తెలిసికొని, పెదవితోనే ఎత్తుకొనునట. వ్రేళ్ళు ముడిచినచో కారటేదో వ్రేలేదో దానికి తెలియదు. ఆ చేతి చూపుడువ్రేలిపై పాత మచ్చయొకటి ఉండెను గాని, దానిని గూర్చి పటేలుగారు చెప్పలేదు, మేమును అడుగలేదు.

పంతులు: మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను తెలుగు కావ్యమొకటి కలదు. దానిని సంపాదించి పంపినచో? ఏ సుడి ఎచటనున్న శుభమో, ఏ వన్నె గుఱ్ఱమునకు ఏ ఫలమో...

పటేలు: గొంతున దేవమణి ఉన్నదని వెలకు ఇబ్బడి ఇచ్చినవారిని, నాలుగు కాళ్ళును మొగమును తెల్లనైన పంచకళ్యాణి అని అప్పుచేసి కొన్నవారిని జాతరలో నేను చూచితిని. సుడులు చూచి కొన్నవాడు ఏడ్చుట చూచితిని గాని, గిట్ట ఎత్తి చూచి కొన్నవాడు ఏడ్చుట చూడలేదు. పద్యములు మీరు చదువుకొనుడు.

పంతులు: పోనిండు, కొలత అక్కఱలేని వస్తువు లాయమున ఒక్కటియైనను లేదా?

పటేలు: ఉన్నవి, మీరే అడుగలేదు. గోరపము ఉన్నది, మెత్తని కుంచె ఉన్నది, గిట్టలో ఇఱుకుకొన్న మట్టిని రాళ్లను తీయు ఇనుపకొంకి ఉన్నది. వెల స్వల్పము. స్వారిబడిలో ఒకే కుంచెతో పది గుఱ్ఱములను దువ్వుదురు. ఒకదాని తామర పదింటికి అంటును. తన గుఱ్ఱమునకు వేఱుగా తన కుంచెలుండుట రౌతునకు ఎంత నిశ్చింతయో! ఇంకొకటి చెప్పెదను. భైంసాలో పుట్టినవారికి ఇది తోచకపోవుట సిగ్గుచేటు: నూలుపగ్గము. ఈనాడు అందఱును నైలాను త్రాళ్ళను వాడుచున్నారు. గుఱ్ఱము బెదరి ఒక్కమారు లాగినదనగా నైలాను అరచేతిని కాల్చి తోలు ఊడదీయును. నూలుది జాఱినను కాల్చదు, చేతికి మెత్తన, పట్టు నిలుచును. తడిసినదానిని ఆరబెట్టకున్న కుళ్ళును, అది దాని దోషము. మా ఊర పగ్గములు పేనువాడు ఇంకను ఉన్నాడు. ఈ నల్లరేగడిలో పండిన ప్రత్తితోనే ఎనిమిది మూరలు పేనింతును. కొలత చెప్పుమని హైదరాబాదునకు ఫోను చేయ పనిలేదు.

పంతులు: ఇది నాకును నచ్చినది. ఊరి వస్తువు, ఊరి గుర్తు. కాని పటేలా, అది మీరు ఇచ్చు కానుక కావలెను. నాది వేఱు. నేను నిర్మలకు పోయి అచటి నకాషీ పనివానిచేత ఆ గుఱ్ఱము పటము వ్రాయింతును. నల్లని నేలపై బంగరువన్నె. చూచుచుండగా ప్రాణము లేచివచ్చునట్టి పని. ఆ పటము గుఱ్ఱపు మూపును ఒరయదు, నోటిని కోయదు, కడుపునొప్పి తేదు. పగలంతయు లాయమున శ్రమించి ఇల్లు చేరిన రౌతునకు, గోడపై తన గుఱ్ఱము తనకై నిలిచియుండును.

పటేలు: నిర్మలవారు పొణికి కఱ్ఱతో చేయు బొమ్మ గుఱ్ఱములను నేను చూచితిని. చేతితో ఎత్తిన దూదివలె తేలిక, చింతగింజల జిగురుతో అతుకు కనబడదు, పని గొప్పది. కాని వారి చేతికి అలవాటైన గుఱ్ఱము ఒక్కటే. మెడ వంపు ఒక్కటే, తోక ఒక్కటే. పటములో ఆ గుఱ్ఱమునే వ్రాసి, దీనిపేరు పెట్టినచో బిడ్డ మొగమాటమునకు గోడకు తగిలించును. దాని మొగము మాత్రము చూడదు. రౌతునకు తన గుఱ్ఱమును వేయింటిలో పోల్చుకొను కన్ను ఉండును. నుదుటి చుక్క కొంచెము ఎడమకు ఒరిగియున్నది, అట్లే ఒరగవలెను. తెలుపు వెనుకటి ఎడమకాలిది. కుడికాలికి వేసిరా, అది మఱియొక గుఱ్ఱము.

పంతులు: అట్లే చెప్పెదను. మీరును నా వెంట రండు.

పటేలు: వచ్చెదను. మూపు మీది తెలుపు సంగతి కూడ నేనే చెప్పెదను.

పంతులు: అది ఏల? ఎవని నిర్లక్ష్యముననో కలిగిన గాయము. పుట్టినరోజున దానిని బంగరువన్నెలో వ్రాయించి ఇచ్చుట అశుభము గాదా? చిత్రకారునకు ఏది విడువవలెనో తెలిసియుండవలెను.

పటేలు: ప్రతిదినము ఆ చుక్కపై గోరపము తగులనీయక చేయి తేల్చి దువ్వునది మీ మేనకోడలే. అది లేని గుఱ్ఱము ఆమెది కాదు.

పంతులు: ఆమెది కాకపోవుటకు ఆ మచ్చ ఆమె పెట్టినదా?

పటేలు: పెట్టినది కాదనియే చెప్పుచున్నాను.

దీపములు పెట్టిన పిదప గూడ ఈ ఒక్క చుక్కను గూర్చియే వాదము సాగినది. తుదకు పంతులుగారు మేనకోడలికి ఫోను చేసి, గుఱ్ఱమును ఎదుటను, ఇరుప్రక్కలను తీసిన ఫోటోలు పంపుమని మాత్రము చెప్పిరి. ఎందులకని ఆమె అడిగిన, పటేలుగారికి చూడవలెనని వేడుకగా నున్నదని బొంకిరి. మూపును గూర్చి అడుగుమని పటేలుగారు చేసైగ చేయుచునే యుండిరి, పంతులుగారు చూడనట్లే యుండిరి. పటేలుగారు మఱునాడు వేకువనే మాళేగావునకు బయలుదేరవలసియున్నందున, జాతర నుండి తిరిగివచ్చిన పిదపనే నిర్మలకు పోవుట అని నిశ్చయమైనది. పగ్గమునకు నూలు మాత్రము ఆ రాత్రియే తూచిరి.